ఆటోలో పట్టే బేస్

మహాశివరాత్రికి కోటప్పకొండ దిగువన నిలిచే ప్రభలు 80, 90 అడుగుల ఎత్తు దాకా ఉంటాయి. కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళు పంతానికి పోయి కట్టే ఆ ప్రభలకు నిలువెల్లా రంగు దీపాలు, వెనక జనరేటర్లు, ముందు స్టేజీలు. ఒక్కో స్టేజీకి రెండు పక్కలా బాక్సులు మనిషి ఎత్తు దాటి పేర్చి ఉంటాయి. ఒక ప్రభ ముందు నిలబడితే పక్క ప్రభ బేస్ కూడా రొమ్ము మీద తడుతుంటుంది. ఆ సరంజామా లారీల్లో వస్తుంది. దించడానికే ఒక జట్టు కావాలి.

తిరునాళ్ళు చూసొచ్చిన కుర్రాళ్ళు సొంతంగా మైక్ సెట్ పెట్టుకుందామనుకున్నప్పుడు మొదట వాళ్ళ నోట వచ్చే మాట 'పద్దెనిమిది అంగుళాల బేస్'. అది తప్పు కోరిక కాదు. కాకపోతే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏడాది పొడుగునా జరిగే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం కోటప్పకొండ స్థాయివి కావు. రామాలయం ముందు కోలాటం, ఓణీల వేడుక, చర్చి వార్షికోత్సవం, నవమి పందిట్లో హరికథ, హైస్కూలు ఆవరణలో నాటకం. వచ్చేది రెండు మూడు వందల మంది. సామానంతా ఒక టాటా ఏస్‌లోనో, సీట్లు తీసిన ఆటోలోనో వెళ్ళిపోవాలి. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ మెట్ట ఊళ్ళలో చేతిలో డబ్బు ఆడుతుంది. తిరునాళ్ళు, కొలుపులు, పెళ్ళిళ్ళు కూడా చాలావరకు అప్పుడే. ఒకే రోజు రెండు చోట్ల సెట్టు వేయాల్సి వచ్చే ఆ కాలంలో, ఎత్తలేని బాక్సు ఎంత బాగా మోగినా గోదాములోనే ఉండిపోతుంది.

కాబట్టి చిన్న సెట్టుకు సబ్‌వూఫర్, అంటే బేస్ బాక్సు, ఎంచుకోవడం అంగుళాల దగ్గర మొదలు కాదు. స్టేజీ మీద ఏం మోగుతుంది, బాక్సు దేంట్లో వెళ్తుంది, కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నల దగ్గర మొదలవుతుంది.

మాటకు అక్కర్లేదు, పాటకు కావాలి

మగవాళ్ళ మాటలో అన్నిటికన్నా కింది స్థాయి సుమారు 85 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే సెకనుకు 85 కంపనాలు. ఆడవాళ్ళ గొంతు అంతకన్నా పైన, 165 దగ్గర మొదలవుతుంది. మాట స్పష్టత మాత్రం అక్కడ కాదు, వేల హెర్ట్జ్‌ల్లో పలికే హల్లుల్లో ఉంటుంది. సబ్‌వూఫర్ పనిచేసేదేమో దాదాపు 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే, ఏ కార్యక్రమానికి సబ్ తీసుకెళ్ళాలో, దేనికి ఇంట్లో వదిలేయాలో సగం తేలిపోతుంది.

బుర్రకథ సంగతే చూడండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథను ఊరూరా మోగించి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చెప్పిన పల్నాటి యుద్ధం జనం గుండెల్లో దిగిందంటే అది మాట విరుపు వల్ల, పక్క వంతల ఊపు వల్ల. గుమ్మెట దెబ్బలో కొంత కింది మోత ఉన్నా, చివరి వరస దాకా ముందు చేరాల్సింది కథకుడి మాటే. అలాంటి స్టేజీ మీద సబ్ పెడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. చెక్క వేదిక మీద అందెల అడుగులు, మైకు మీద వీచే గాలి, 'ప' అన్నప్పుడు పెదవుల నుంచి వచ్చే ఊపిరి దెబ్బ, అన్నీ దబదబమని బయటపడతాయి. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా పద్యం అందుకున్న కాలం నుంచి నేటి పరిషత్తు పోటీల దాకా, నాటకానిదీ ఇదే లెక్క. మంచి టాప్ స్పీకర్లు (గొంతు పలికించే పై బాక్సులు) రెండు, మంచి మైకులు నాలుగు ఉంటే పద్యనాటకం నడుస్తుంది.

చర్చి స్టేజీకి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1842లో జాన్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్ విస్తరించింది. ఈ మైదానాల్లో చర్చి లేని పెద్ద ఊరు అరుదు. ఒకప్పుడు హార్మోనియం, తబలా, డోలక్‌లతో సాగిన పాటలకు ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్, బేస్ గిటార్ వచ్చి చేరాయి. ప్యాడ్ మీద కర్ర పడగానే పలికే కిక్ డ్రమ్ బలమంతా 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. నాలుగు తీగల బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. దీన్ని 10 అంగుళాల టాప్ స్పీకర్ ఒక్కటే మోయాలంటే దాని కోను ముందుకూ వెనక్కూ విపరీతంగా కొట్టుకుంటుంది. అదే కోను గాయకుడి గొంతునూ పలికించాలి కాబట్టి కిక్ పడ్డప్పుడల్లా గొంతు వణికినట్టు, నలిగినట్టు వినిపిస్తుంది.

సబ్‌వూఫర్ చేసే అసలు మేలు ఇక్కడే ఉంది. 100 హెర్ట్జ్ కింది బరువంతా అది తన మీదికి తీసుకుని, ఆ భాగాన్ని టాప్స్‌కి వెళ్ళకుండా క్రాసోవర్ కత్తిరిస్తే టాప్స్ తేలికపడతాయి. బేస్ ఎక్కువైందని కాదు, పాట తేటపడిందని వినేవాళ్ళకు అనిపిస్తుంది. పెళ్ళి ఆర్కెస్ట్రాకూ, కోలాటానికి పెన్‌డ్రైవ్‌లో వేసే పాటలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి. 41 హెర్ట్జ్ స్వరం వినాలంటే బాక్సు కచ్చితంగా 41 దాకా దిగాలని లేదు. ఆ స్వరంతో పాటే 82, 123 హెర్ట్జ్‌ల్లో దాని రెట్టింపు, మూడింతల స్వరాలు కూడా పలుకుతాయి. అవి వినపడితే కింది స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. 45, 50 హెర్ట్జ్ దాకా గట్టిగా పలికే చిన్న సబ్ మూడు వందల మంది పందిరికి సరిపోయేది అందుకే. 30 హెర్ట్జ్ దాకా దిగాలనే పట్టుదల డీజే డ్యాన్స్ ఫ్లోర్‌కి సరే, చిన్న స్టేజీకి మాత్రం ఖర్చు తప్ప మరొకటి కాదు.

అంగుళాలు, వాట్లు, అసలు కొలత

కింది శబ్దం పుట్టించాలంటే గాలిని ఎక్కువగా కదపాలి. ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 80 నుంచి 40 హెర్ట్జ్‌కి దిగి అదే మోత కావాలంటే కోను నాలుగింతల దూరం కదలాలి. లేదంటే కోను వైశాల్యం పెరగాలి. 18 అంగుళాల కోను వైశాల్యం 12 అంగుళాల దానికి రెండుంబావు రెట్లు. పెద్ద కోను మీద మోజుకు కారణం ఇదే, అందులో న్యాయం కూడా ఉంది.

అయితే బాక్సుకు ఒక కట్టడి ఉంది. అమెరికాలో 1957లో మొదలైన కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద అది చెలామణిలో ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌తో ఎక్కువ మోత: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ఆటోలో పట్టే సబ్‌వూఫర్ అంటే చిన్న పెట్టె కావాలని ముందే ఒప్పుకున్నట్టు. ఇక మిగిలింది లోతు కావాలా, మోత కావాలా అన్నదే. ఇప్పటి కంపెనీలు లోతును కొంత నిలుపుకుని, పోయిన మోతను వెయ్యి, రెండు వేల వాట్ల యాంప్లిఫైయర్‌తో పూడుస్తున్నాయి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు పోయి, తేలికైన క్లాస్ డి యాంప్లిఫైయర్లు వచ్చాకే ఇది వీలైంది.

సబ్ బాక్సుకు ముందో పక్కనో కనిపించే రంధ్రం కూడా లెక్క ప్రకారం పెట్టిందే. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఆల్బర్ట్ థురాస్ 1932లో దీనికి పేటెంట్ పొందారు. కోను వెనక పుట్టే గాలి ఊపును ఆ రంధ్రం గుండా బయటికి తెచ్చి, ముందు శబ్దానికి కలుపుతుంది. బాక్సు ఏ స్థాయికి శ్రుతి చేసి ఉందో, దాని కిందికి వెళ్తే మాత్రం కోనుకు వెనక గాలి దన్ను ఉండదు. అక్కడ వాల్యూమ్ పెంచితే కాయిల్ తన పరిధి దాటి కొట్టుకుని పాడవుతుంది. అందుకే మంచి సబ్‌లలో ఆ కింది భాగాన్ని ఆపేసే ఫిల్టర్ ముందే అమర్చి ఉంటుంది. ఊళ్ళో కార్పెంటరు చేత చేయించిన బాక్సుల్లో తరచూ లేనిది ఇదే. వడ్లపని ఎంత నున్నగా ఉన్నా, పెట్టె కొలత, రంధ్రం కొలత ఆ స్పీకరుకు సరిపడా లేకపోతే బేస్ బదులు ఒకే స్వరం 'బూం' అంటూ మోగుతుంది.

వాట్ల అంకెను చూసి మోసపోవడం తేలిక. అట్ట మీద 2000 వాట్లు అని ఉంటే అది క్షణకాలం తట్టుకునే పీక్ కావచ్చు, నిలకడగా ఇచ్చేది అందులో సగమో, నాలుగో వంతో ఉండవచ్చు. పోల్చేటప్పుడు ఒకే రకం అంకెలను పోల్చాలి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. అంటే వెయ్యి వాట్ల బాక్సు బదులు పన్నెండొందల వాట్లది తెస్తే తేడా చెవికి దాదాపు తెలియదు. అదే, రెండో బాక్సు తెచ్చి మొదటిదాని పక్కనే ఆనించి పెడితే 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. వాట్ల కన్నా 'గరిష్ఠ ధ్వని' అని డెసిబెల్స్‌లో రాసి ఉండే అంకె, ఏ హెర్ట్జ్ దాకా పలుకుతుందన్న అంకె, ఈ రెండూ కలిపి చదివితే బాక్సు బలం తెలుస్తుంది.

ఎవరు ఎత్తాలి?

అమెరికా కంపెనీ క్యూఎస్‌సీ తయారుచేసే రెండు మోడళ్ళను ఉదాహరణకు తీసుకోవచ్చు. కేఎస్112లో ఉన్నది 12 అంగుళాల స్పీకరు, 2000 వాట్ల యాంప్లిఫైయరు, బరువు దాదాపు 28 కిలోలు. కేఎస్118లో 18 అంగుళాలు, 3600 వాట్లు, బరువు దాదాపు 47 కిలోలు. మొదటిదాన్ని ఒక మనిషి ఎత్తి ఆటోలో పెడతాడు. రెండోదానికి ఇద్దరు ఉండాల్సిందే. రాత్రి ఒంటిగంటకు కార్యక్రమం ముగిసి, సాయం వస్తానన్నవాళ్ళు కనిపించనప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

చిన్నవి రెండు కొనాలా, పెద్దది ఒకటి కొనాలా అన్నది ఈ వ్యాపారంలో తెగని వాదన. పెద్దది ఒక్కటైతే మరింత కిందికి పలుకుతుంది, వైరింగు తక్కువ. చిన్నవి రెండైతే ఓణీల వేడుకకు ఒకటి, ఆర్కెస్ట్రాకు రెండు అని సర్దుకోవచ్చు. దారిలో ఒకటి పాడైనా కార్యక్రమం ఆగదు. ఒకే రోజు రెండు బుకింగులు పడ్డప్పుడు చెరొకటి పంపవచ్చు. నెలలో అయిదారు చిన్న కార్యక్రమాలు, ఎప్పుడో ఒక పెద్దది ఉండేవాళ్ళకు రెండు చిన్నవే నయం. నికరంగా డ్యాన్స్ ప్రోగ్రాములే చేసేవాళ్ళకు పెద్దది అక్కరకొస్తుంది.

స్టాండ్ల సంగతీ మర్చిపోకూడదు. చాలా సబ్‌ల నెత్తిన ఒక గుంత ఉంటుంది. దాంట్లో కడ్డీ దిగేసి, పైన టాప్ స్పీకరు పెడితే రెండు స్టాండ్ల చోటూ, వాటిని మోసే పనీ తప్పుతాయి. బోస్ కంపెనీ ఎఫ్1 సబ్‌కైతే ఆ కడ్డీని బాక్సు వీపునే దాచే ఏర్పాటు చేసింది. రెండు 10 అంగుళాల స్పీకర్లున్న ఆ బాక్సు 25 కిలోల దగ్గర ఉంటుంది. కొనేముందు కడ్డీ సైజు, మరల రకం తమ టాప్స్‌కి సరిపోతాయో లేదో చూసుకోవాలి. జనం మధ్య, పిల్లలు పరిగెత్తే చోట ఊగే కడ్డీ ప్రమాదం.

యాంప్లిఫైయర్ లోపలే ఉండే పవర్డ్ బాక్సా, విడిగా యాంప్లిఫైయర్ పెట్టుకునే పాసివ్ బాక్సా? పవర్డ్ బాక్సులో క్రాసోవర్, రక్షణ ఫిల్టర్లు కంపెనీ సరిచేసి ఇస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు తప్పులు తగ్గుతాయి. పాసివ్ బాక్సుకు మరమ్మతు తేలిక. కాయిల్ కాలితే గుంటూరులోనో, ఒంగోలులోనో కొత్త కాయిల్ చుట్టి, కోను మార్చి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. పవర్డ్ బాక్సులో బోర్డు పోతే కంపెనీ సర్వీసు సెంటరుకు పంపి ఎదురుచూడాలి, అదీ సీజను నడిమధ్యలో. 1940 నుంచి ఢిల్లీ కేంద్రంగా నడుస్తున్న అహుజా లాంటి దేశీయ కంపెనీలకు పల్లెల్లో ఇంకా గిరాకీ ఉండటానికి విడిభాగాలు, మరమ్మతు దగ్గర్లో దొరకడం ఒక కారణం.

ఎండ, దుమ్ము, పడిపోయే వోల్టేజీ

ఏప్రిల్, మే నెలల్లో పల్నాడులో ఎండ 44, 45 డిగ్రీలను తాకుతుంది. మధ్యాహ్నం మూడింటికి దించి ఎండలో వదిలేసిన నల్లటి బాక్సు, సాయంత్రం పాట మొదలయ్యేసరికే లోపల వేడెక్కి ఉంటుంది. వేడి పరిమితి దాటితే యాంప్లిఫైయరు తనంతట తను మోత తగ్గించుకుంటుంది, లేదంటే ఆగిపోతుంది. బాక్సు వెనక ఉన్న లోహపు రెక్కలకు గాలి ఆడాలి. వాటిని గోడకు ఆనించడం, మీద టార్పాలిన్ కప్పి వాయించడం రెండూ చేటే.

ఫ్యాను ఉన్న బాక్సులకు ఇక్కడ ఇంకో శత్రువు ఉంది. మిర్చి కల్లాల పక్కనో, పత్తి బోరాలు దింపిన షెడ్డులోనో బాక్సులు దాచుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. మిరప దుమ్ము, పత్తి నూగు ఫ్యాను జాలిలో చిక్కుకుని గాలి దారిని మూసేస్తాయి. సీజనుకు ఒకసారి జాలి విప్పి, బ్లోయరుతో ఊదించుకోవాలి. ఫ్యాను లేకుండా చల్లబడే మోడల్ దొరికితే ఈ ఊళ్ళకు అది మేలు. చీరాల, బాపట్ల వైపు సముద్రపు గాలికి స్క్రూలు, కనెక్టర్లు తుప్పు పడతాయి. అక్కడ కవర్లు తప్పనిసరి. ప్లైవుడ్ బాక్సు గట్టిగా, నిండుగా మోగుతుంది కానీ నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. ప్లాస్టిక్ అచ్చు బాక్సు తేలిక, తడికి తట్టుకుంటుంది కానీ బాగా గట్టిగా వాయించినప్పుడు గోడలు అదిరి శబ్దం పల్చబడవచ్చు.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. 230 వోల్టులు రావాల్సిన చోట పంట మోటార్లు నడిచే వేళ బాగా తగ్గి వస్తుంది. వెడల్పైన వోల్టేజీ పరిధిలో పనిచేసే యాంప్లిఫైయరా కాదా అన్నది బాక్సు వెనక స్టిక్కరు మీదే రాసి ఉంటుంది. సబ్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది కాబట్టి, సన్నని వైరుతో వంద అడుగుల దూరం లాగితే ప్రతి కిక్‌కీ వోల్టేజీ పడుతుంది, పందిట్లో బల్బులు తాళం వేసినట్టు మినుకుతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడటం, లైటింగు వాళ్ళ లైను నుంచి కాకుండా విడి లైను తీసుకోవడం, ఎర్తింగు ఉందో లేదో చూసుకోవడం ప్రాథమిక జాగ్రత్తలు. సంగీతం సగటున లాగేది యాంప్లిఫైయరు పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు దగ్గరే ఉంటుందని పరిశ్రమ లెక్క. కానీ జనరేటరు ఆ సగటును కాదు, మధ్యమధ్య వచ్చే పోటును తట్టుకోవాలి. సరిగ్గా సరిపోయే జనరేటరు కన్నా కాస్త మిగులు ఉన్నది తీసుకోవాలనేది అందుకే.

ఎక్కడ పెడితే ఎంత?

40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 8.7 మీటర్లు, 28 అడుగులు. అంత పొడవు తరంగానికి మనిషి, స్తంభం, షామియానా గుడ్డ లెక్కలోకి రావు. వాటిని చుట్టుకుని నలువైపులా పోతుంది. కాబట్టి సబ్‌ను ఎత్తులో పెట్టి జనం వైపు తిప్పాల్సిన పని లేదు. నేల మీద పెడితేనే బలం. గోడ పక్కన పెడితే ఇంకా పెరుగుతుంది.

స్టేజీకి ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టడం అందరికీ అలవాటు. చూడటానికి పొందికగా ఉంటుంది. కానీ రెండు బాక్సుల నుంచీ వచ్చే తరంగాలు కొన్ని చోట్ల కలిసి పెరుగుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నడిమి వరసలో కూర్చున్నవాళ్ళకు బేస్ దంచేస్తుంటే, నాలుగు అడుగులు పక్కకు జరిగినవాళ్ళకు మాయమవుతుంది. రెండింటినీ స్టేజీ ముందు మధ్యలో ఆనించి పెడితే ఈ చిక్కు పోతుంది, మోతా పెరుగుతుంది. కల్యాణ మండపం లోపలైతే గోడల మధ్య తరంగాలు తిరుగాడి కొన్ని మూలల్లో బేస్ పోగవుతుంది. ముందుగా ఒక పాట పెట్టి హాలంతా నడిచి చూసి బాక్సు చోటు మార్చుకోవడం తప్ప దీనికి ఈక్వలైజరుతో పూర్తి మందు లేదు.

మిక్సరు దగ్గర చేసే ఒక చిన్న ఏర్పాటు చాలా మేలు చేస్తుంది. మొత్తం శబ్దాన్ని సబ్‌కు పంపకుండా, ఆక్స్ అవుట్ నుంచి విడిగా లైను తీసి కిక్, ప్యాడ్, కీబోర్డు, బేస్ గిటార్‌లను మాత్రమే అందులోకి తిప్పాలి. మైకులు అటు వెళ్ళవు. మైకును చేతులు మార్చినప్పుడు వచ్చే దబదబలు, పాస్టరు గారి గుండె మీద తగిలించిన కాలర్ మైకు మోత, ఏవీ సబ్‌లోకి దిగవు. ప్రతి మైకుకూ మిక్సరు మీద ఉండే 'లో కట్' బటన్ నొక్కడం రెండో జాగ్రత్త.

టాప్స్, సబ్ కలిసే 100 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకే దిశలో కదలాలి. ఒకటి ముందుకు తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి లాగితే అక్కడ శబ్దం పోతుంది. సబ్ వెనక పొలారిటీ బటన్ ఉంటుంది. పాట నడుస్తుండగా అది నొక్కి, వదిలి, ఏ స్థితిలో బేస్ నిండుగా వినిపిస్తే దాన్ని ఉంచేయాలి.

వెనకింటి వాళ్ళ సంగతి

ఊరి మధ్య కార్యక్రమానికి స్టేజీ వెనక్కి పోయే బేసే పెద్ద తగువు. దీనికి కార్డియాయిడ్ అనే అమరిక ఉంది. రెండు సబ్‌లను ఒకదాని వెనక ఒకటి పెట్టి, వెనకదాని పొలారిటీని తిప్పి, కాస్త ఆలస్యంగా మోగేట్టు చేస్తారు. 60 హెర్ట్జ్ కోసమైతే దూరం సుమారు 1.45 మీటర్లు, ఆలస్యం 4 మిల్లీసెకన్లు. ముందు వైపు రెండు శబ్దాలూ కలుస్తాయి, వెనక వైపు కొట్టుకుపోతాయి. క్యూఎస్‌సీ కేఎస్212సి లాంటి మోడళ్ళలో ఇదంతా ఒకే బాక్సులో అమర్చి ఇస్తారు. మండపంలో పనికొస్తుంది, వీధి స్టేజీకి ఇంకా పనికొస్తుంది.

చట్టం ఏమంటుంది? 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకర్లు వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర పరిసరాల పరిమితి కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టంలనే నిషేధించారు.

ఈ డెసిబెల్ కొలతలో బేస్‌కు సంబంధించిన మెలిక ఒకటుంది. చట్టం వాడేది 'ఎ' తరహా కొలత. మనిషి చెవి కింది శబ్దాలను తక్కువగా వింటుందని, మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 40 దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ తీసేస్తుంది. అందువల్ల మీటరులో అంకె హద్దులోనే కనబడుతుంటే, పక్కింటి రేకుల కప్పు మాత్రం గలగలలాడుతుంది, మంచం మీద ముసలాయన లేచి కూర్చుంటాడు. మీటరు చూపించి 'మేం హద్దులోనే ఉన్నాం' అనడానికి ముందు, సబ్ ఫేడరు కాస్త దించి, ఒకసారి వెనక వీధిలోకి నడిచి వినడం ఆపరేటరు పని.

కొనే రోజు

గుంటూరు, విజయవాడ షాపుల్లో చల్లటి షోరూములో పెద్ద హిట్టు పాట పెట్టి వినిపిస్తే ఏ సబ్ అయినా బాగుంటుంది. మూసిన గది బేస్‌ను పెంచుతుంది. ఆరుబయట ఆ సాయం ఉండదు. అందుకే బాక్సును బయట పెట్టి, తమ కీబోర్డు, తమ ప్యాడ్ కలిపి, 10 మీటర్ల దూరంలో, ఆ తర్వాత 20 మీటర్ల దూరంలో నిలబడి వినాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ పడిపోతుంది. చివరి వరస కూర్చునే దూరంలో వింటే తప్ప బాక్సు చాలుతుందో లేదో తెలియదు.

పాతది కొనేవాళ్ళకు పరీక్ష ఇంకొంచెం వివరంగా ఉంటుంది. జాలి విప్పి, రెండు చేతుల బొటనవేళ్ళతో కోనును మధ్యకు రెండు పక్కలా సమంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గరగరమని రాసుకుంటే కాయిల్ వంగింది. దగ్గరగా ముక్కు పెడితే కాలిన వార్నిష్ వాసన వస్తే ఒకసారి ఉడికిన కాయిల్ అది. పాసివ్ బాక్సైతే టార్చిలైటు బ్యాటరీ, ఒకటిన్నర వోల్టుది, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు క్షణం పాటు తాకించాలి. కోను బయటికి రావాలి. లోపలికి పోతే ఎవరో వైర్లు తిరగేసి బిగించారు. అంచున ఉన్న రబ్బరు, నురగ చిట్లలేదని వేలితో తడిమి చూడాలి. తర్వాత ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ మోతలో 100 నుంచి 40 హెర్ట్జ్ దాకా మెల్లగా దించుతూ, చెయ్యి రంధ్రం ముందు పెట్టాలి. గాలి సాఫీగా తగలాలి. ఎక్కడైనా టపటపమంటే పెట్టె జాయింటు విడిందో, స్క్రూ వదులైందో, లోపల వైరు కోనుకు తగులుతోందో చూసుకోవాలి. ఇలాంటివాటిలో చాలావరకు స్క్రూడ్రైవరుతో, కాస్త జిగురుతో పోయేవే. బేరంలో వాటిని చెప్పి ధర తగ్గించుకోవచ్చు. కాయిల్ రాసుకుంటున్నదైతే మాత్రం కొత్త కాయిల్ ఖర్చు కలుపుకునే బేరమాడాలి.